ముగ్గు వేస్తేనే లక్షణమైన పిల్లా?

వ్యాఖ్యాత: నమస్కారం. ధనుర్మాసం మొదలైంది, ఇక సంక్రాంతి దాకా వాకిళ్ల నిండా ముగ్గులే. ముగ్గు, గోరింటాకు, పూలు కట్టడం, అల్లికలు... ఇవి వస్తేనే పిల్ల లక్షణంగా ఉందని ఇప్పటికీ చాలా ఇళ్లలో అంటారు. ఈ అలవాట్లని మనం ఎలా ఉంచుకోవాలి? ముగ్గులు నేర్పే పెద్దావిడ, ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, ఒక లెక్చరర్ మనతో ఉన్నారు. అమ్మా, మీతోనే మొదలుపెడదాం.

పెద్దావిడ: తెల్లవారుజామున లేచి కళ్లాపి చల్లి పిండి చేతిలోకి తీసుకున్నానంటే ఆ అరగంట నాదమ్మా, ఎవరూ పిలవరు. ఉమ్మడి కుటుంబంలో కోడలికి తనదంటూ ఒక చోటు ఎక్కడుండేది చెప్పండి, ఆ వాకిలి తప్ప? ఇంక లక్షణమంటారా, నాకైతే ముగ్గంటే ముందు లెక్క. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు అని పత్రికల్లో వేసేవారు గుర్తుందా? మధ్య వరసలో పదిహేను పెట్టి, పైకీ కిందికీ చుక్కల సందుల్లో ఒక్కోటి తగ్గించుకుంటూ ఎనిమిది వచ్చేదాకా వెళ్లాలి. మొత్తం 169 చుక్కలు. కాగితం లేదు, స్కేలు లేదు. ఒక్క చుక్క పక్కకి జరిగిందా, చివర్లో మెలిక కలవదు.

ఉద్యోగిని: మీరు చెబుతుంటే వినాలనిపిస్తోంది గానీ, నాకు ముగ్గనగానే తిట్లే గుర్తొస్తాయి అమ్మా. గీత వంకర పోతే చాలు, రేపు అత్తారింట్లో మమ్మల్ని అంటారు అనేవాళ్లు. నేను చలిలో వాకిట్లో ఉంటే అన్నయ్య లోపల దుప్పటి కప్పుకుని పడుకునేవాడు. అందుకే ఉద్యోగం వచ్చాక పిండి ముట్టుకోలేదు. 2020 లాక్‌డౌన్‌లో ఒకరోజు ఏమీ తోచక, అపార్ట్‌మెంట్‌లో మా గుమ్మం ముందు టైల్స్ మీద సుద్దముక్కతో వేశాను. ఎంత హాయిగా అనిపించిందో! అప్పట్నుంచీ ప్రతి ఆదివారం వేస్తున్నాను. ఎవరూ వెయ్యమనలేదు కాబట్టే వేస్తున్నాను.

పెద్దావిడ: చిన్నప్పుడు మీ అమ్మ పోరకపోతే ఆ రోజు చెయ్యి తిరిగేదా తల్లీ?

ఉద్యోగిని: తిరిగేది కాదు, ఒప్పుకుంటాను. నేర్పడం మీద నాకేం కోపం లేదు. దాన్ని పెళ్లికి పరీక్షలా పెట్టడం మీదే కోపం. నాతోపాటు అన్నయ్యనీ లేపి ఉంటే ఇద్దరికీ వచ్చేది.

లెక్చరర్: నేనొకటి కలుపుతాను. నరసాపురం లేసు అందరికీ తెలుసు, 2024లో దానికి జీఐ, అంటే భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పితే గోదావరి జిల్లాల ఇళ్లలో పాకిన పని అది. ఆ ఆడవాళ్లు అల్లిన బల్లగుడ్డలు, దిండు గలీబులు విదేశాలకి వెళ్తాయి. కానీ అల్లిన చేతికి వచ్చేది చాలా తక్కువ. ఎందుకంటే ఇంటిపని అయ్యాక తీరుబడిగా కూర్చుని చేసేదే కదా అంటారు. తీరుబడి ఏమిటండీ? పొద్దుపోయేదాకా దారం మీద కళ్లు పెట్టి చేసే కూలిపని అది. ఆడవాళ్లకి సహజంగా వచ్చే విద్య అని పొగుడుతూనే దానికి ధర కట్టడం మానేశాం. నాకు బాధగా ఉండేది అక్కడే. మెచ్చుకుంటే పనితనాన్ని మెచ్చుకోండి, దానికి తగ్గ డబ్బులివ్వండి.

వ్యాఖ్యాత: గోరింటాకు సంగతి? ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడంటారు...

పెద్దావిడ: ఆ మాట సరదాకే. ఆషాఢంలో ఆకు కోసి, కాస్త చింతపండు వేసి రుబ్బి, పిల్లలందరికీ వరసగా పెట్టేవాళ్లం, మగపిల్లలు కూడా చేతులు చాపేవారు. పెట్టాక రెండు మూడు గంటలు చేత్తో ఏ పనీ చెయ్యకూడదు, ఎవరో ఒకరు అన్నం కలిపి నోట్లో పెట్టాల్సిందే! ఆ సుఖం ఏడాదికోసారి దొరికేది.

లెక్చరర్: నల్లగా పండే కోన్‌లు మాత్రం కొనకండి. పీపీడీ అనే రసాయనం కలిపినవి ఉంటాయి, కొందరికి చర్మం బొబ్బలెక్కుతుంది. ఆకు పండితే ఎరుపే, నలుపు రాదు.

వ్యాఖ్యాత: అమ్మా, చివరిగా ఒకటి. ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఏం చెయ్యాలి?

పెద్దావిడ: పెద్ద ముగ్గుల జోలికి వెళ్లొద్దు. 5 చుక్కలు, సందు చుక్క, 3 వరకు. పందొమ్మిది చుక్కలంతే. రాతిపిండి కాకుండా బియ్యప్పిండి తీసుకోండి, చీమలూ పిచ్చుకలూ తింటాయి. చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య నుంచి సన్నగా జారాలి, గట్టిగా నొక్కితే ముద్ద పడుతుంది. (వ్యాఖ్యాతతో) మీ అబ్బాయికి ఎనిమిదేళ్లని కార్యక్రమానికి ముందు అన్నారు కదమ్మా, రేపు పొద్దున వాడితో చుక్కలు పెట్టించండి. మీరు కలపండి.