గుండ్రంగా పెట్టిన సంతకాలు

శనివారం సాయంత్రం ఫోన్-ఇన్‌లోంచి రాసుకున్నది. హలో హలోలు, ‘టీవీ సౌండ్ తగ్గించండమ్మా’లు తీసేశాను. సలహా ఇచ్చింది హనుమకొండలో చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మేడం.

యాంకర్: పరకాల దగ్గరి నుంచి కాల్. చెప్పమ్మా.

కాలర్: నమస్తే మేడం. నేను డిగ్రీ సెకండియర్. వరంగల్‌లో ఒక క్రిస్టియన్ కాలేజీ, హాస్టల్లోనే ఉంటా.

మేడం: నీ పేరూ వద్దు, కాలేజీ పేరూ వద్దు. సంగతి చెప్పు.

కాలర్: మా ఫ్లోర్‌లో అరవై మందిమి, నల్లాలు నాలుగు. పొద్దున ఐదున్నరకు మోటర్ వేస్తారు, ఆరింటికి బంద్. చర్చి పూజ కూడా అదే టైంకి. పూజకు పోయినోళ్ళకు నీళ్ళు దొరకవు, నీళ్ళు పట్టుకున్నోళ్ళకు పూజకెందుకు రాలేదని తిట్లు. అందుకే ఒక కాగితం రాసి అందరం సంతకాలు పెట్టినం. ఎవరు మొదలు పెట్టారో తెలియొద్దని గుండ్రంగా పెట్టినం మేడం, ముగ్గు చుక్కల్లెక్క.

మేడం: (నవ్వు) మరి దొరికిందెట్లా?

కాలర్: పైన రాసింది నా చేతిరాత. వార్డెన్ సిస్టర్ మా అసైన్‌మెంట్లు తెప్పించుకుని పక్కపక్కన పెట్టి చూసింది. నన్నొక్కదాన్నే ఆఫీసుకు పిలిచేసరికి అందరూ వచ్చి బయట కూర్చున్నరు, రెండు పీరియడ్లు పోయినయి. ఇప్పుడేమో ‘తప్పు చేశాను, ఇకముందు ఇట్లాంటివి చేయను’ అని రాసివ్వు, లేకుంటే టీసీ తీస్కపో అంటున్నరు. మా నాన్న ఊళ్ళో ఉపదేశి, చర్చిలో బోధ చెప్తడు. ఫాదర్ల మీద, సిస్టర్ల మీద నోరు లేపుడేంది బిడ్డా, రాసిచ్చెయ్ అంటడు. సోమవారమే ఆఖరు. రెండు రోజుల నుంచి నిద్ర లేదు.

మేడం: బిడ్డా, ఇందులో రెండు సంగతులున్నాయి, మీరూ కలిపేశారు, వాళ్ళూ కలిపేశారు. రెండు పీరియడ్లు పోయినందుకు క్షమించమని రాయి, నిజమే కాబట్టి రాయొచ్చు, రాస్తే పోయేదేం లేదు. నీళ్ళు రావట్లేదని కాగితం రాయడమే తప్పు అని మాత్రం రాయకు. ఆ కాగితం నీ ఫైల్లో ఉండిపోతుంది, రేపు మెస్సులో పురుగొచ్చిందని అన్నా తీసి చూపిస్తారు. అర్థమైందా?

కాలర్: అయింది మేడం. టీసీ అంటున్నరు కదా, దానికే టెన్షన్.

మేడం: నీ మాట వినకుండా, ఎందుకో కాగితం మీద చెప్పకుండా టీసీ చేతిలో పెట్టడం అంత తేలిక కాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుని బెదిరించడం కూడా కుదరదని, కాలేజీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది. ఇంకోటి, 2023లో వచ్చిన యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో ఒక విద్యార్థి ప్రత్యేక ఆహ్వానితుడిగా కూర్చోవాలి. కమిటీ వీలైనంతవరకు 15 పనిదినాల్లో రిపోర్టు ఇచ్చి ఒక కాపీ నీకు పంపాలి. అది నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే విద్యార్థుల అప్పీళ్ళు వినే అధికారికి, అప్పీలు పెట్టుకోవచ్చు. మీది కాకతీయ యూనివర్సిటీ కింది కాలేజీ అయితే ఆ అంబుడ్స్‌పర్సన్‌ను యూనివర్సిటీయే పెడుతుంది. అందుకని నీళ్ళ కాగితం మళ్ళీ రాయండి, ఆ కమిటీ పేరు మీదే. ‘మోటర్ ఐదింటికి వేయండి’ అని ఒక్క ముక్క అడగండి, ఆ కాగితంలోకి మెస్సును, ఫోన్లను తేవద్దు. ఆఫీసులో ఇచ్చి, కాగితం అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. నేనూ అవతలి కుర్చీలో కూర్చున్నదాన్నే, పిల్లలు చేతికిచ్చిన కాగితాలు డ్రాయర్లో పడేసి ఎన్ని మరిచిపోయానో నాకే తెలియదు, నంబర్ పడ్డది మాత్రం ఒక్కటీ మరిచిపోలేదు, ఎందుకంటే దాని గురించి ఎవరో ఒకరు అడుగుతారు.

యాంకర్: లైన్లోనే ఉండమ్మా. నర్సంపేట నుంచి ఇంకొకరు.

కాలర్ 2: మేడం, మా కొడుకు కూడా ఫాదర్ల కాలేజీలనే చదువుతుండు, మేము హిందువులం. వాళ్ళ కాలేజీ వాళ్ళిష్టం కదా? మనం సీటు తీసుకున్నప్పుడే ఒప్పుకున్నట్టు. గొంతు లేపితే ఆగమయ్యేది మన పిల్లల చదువే.

మేడం: మీ భయం నాకు తెలుసన్నా. ‘వాళ్ళిష్టం’ అన్నది మాత్రం సగమే నిజం. రాజ్యాంగం 30వ అధికరణ మైనారిటీలకు కాలేజీ పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది, 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది జడ్జీలు కూర్చుని ఆ హక్కును నిలబెట్టారు కూడా. కానీ అది ఇష్టమొచ్చినట్టు నడిపే హక్కు కాదని కోర్టులు అంతకు ముందు నుంచే చెప్తున్నాయి. 28వ అధికరణ ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో డబ్బో తీసుకునే సంస్థలో ఒప్పుకోని పిల్లలను ప్రార్థనకు కూర్చోబెట్టకూడదు, మైనర్ అయితే తల్లిదండ్రుల ఒప్పుదల కావాలి. మీకింకోటి చెప్తా. కేరళలో యెహోవా సాక్షుల ఇంటి పిల్లలు ముగ్గురు జాతీయ గీతం అప్పుడు మర్యాదగా లేచి నిలబడ్డారు, తమ మతం ఒప్పదని పాడలేదు. బడిలోంచి తీసేశారు. 1986లో సుప్రీంకోర్టు వాళ్ళను తిరిగి చేర్చుకోమంది. నోరు మూసుకుని నిలబడే హక్కు మనకు తెచ్చిపెట్టింది ఆ పిల్లలు, మరి నోరు తెరిచి నీళ్ళడిగితే తప్పెట్లా అయితది?

కాలర్ 2: అది సరే మేడం... చూద్దాం.

(ఆయన ఒప్పుకోలేదని గొంతులోనే తెలిసింది. మేడం సాగదీయలేదు.)

యాంకర్: కాజీపేట నుంచి, త్వరగా.

కాలర్ 3: మేడం, ఆ చెల్లెను మా విద్యార్థి సంఘంలకు రమ్మనండి. గేటు ముందట జెండా పెట్టి ధర్నా చేస్తే ఒక్క రోజుల మోటర్ నడుస్తది.

మేడం: నడుస్తది తమ్మీ, మీరు వెళ్ళిపోయాక ఆ పిల్ల మళ్ళీ అదే హాస్టల్లో ఉండాలి. అదీగాక 2003లో కేరళ హైకోర్టు ఒక క్రిస్టియన్ కాలేజీ కేసులో, క్యాంపస్‌లో పార్టీ రాజకీయాలు వద్దని కాలేజీ పెట్టుకున్న నిబంధన చెల్లుతుందని చెప్పింది. జెండా కనిపిస్తే మాట్లాడేదంతా జెండా గురించే అవుతుంది, నల్లా పక్కకు పోతుంది.

కాలర్ 3: అంటే సంఘాలే వద్దంటరా? ఎన్నికలు లేవు, ఏం లేవు, మరి మేమెక్కడ మాట్లాడాలె?

మేడం: అది మంచి ప్రశ్న, నాకూ కోపమే. విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎట్లా జరపాలో చెప్పిన లింగ్డో కమిటీ మాట ప్రకారం ఎన్నికలు పెట్టమని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. దాని మీద మీ సంఘం కొట్లాడాలి, గట్టిగా. ఈ పిల్ల భుజం మీద తుపాకీ పెట్టి కాదు.

(కాల్ కట్ అయింది, లేదా ఆయనే పెట్టేశాడు.)

యాంకర్: పరకాల చెల్లె, ఉన్నవా?

కాలర్: ఉన్న మేడం. ఆఫీసుల కాగితం తీసుకోకపోతే?

మేడం: స్పీడ్ పోస్టులో పంపు, రసీదు దాచుకో. మెయిల్ కూడా కొట్టు. నాన్న పక్కనే ఉన్నాడా?

కాలర్: ఉన్నడు. ఇస్తా.

తండ్రి: నమస్తే అమ్మా. బిడ్డ అన్నది అబద్ధం కాదు, నీళ్ళ సంగతి నాకూ తెలుసు. కానీ నాకు ఆ ఫాదర్ గార్లే అన్నం పెట్టిండ్రు.

మేడం: మీరు ఆదివారం జనానికి చెప్తుంటారు కదా, బైబిల్లో న్యాయం చేయమని విసుక్కునే న్యాయాధిపతి దగ్గరికి విడవకుండా పోయిన విధవరాలి కథ. ఆమె ఆయన్ని తిట్టిందా?

తండ్రి: (కొంచెం ఆగి) లేదమ్మా. అడుగుతనే పోయింది.

మేడం: మీ బిడ్డా అంతే.

తండ్రి: అయితే సోమవారం ఆ కాగితం నేనే తీస్కపోయి ఇస్తా. సిస్టర్ గారికి నేను తెలుసు, నా మొహం చూసి...

మేడం: వద్దు. మీరు వెంట పోండి, బయట బెంచీ మీద కూర్చోండి. కాగితం బిడ్డ చేతుల మీదుగానే పోనీయండి.