కోరంగి మడ అడవిలో పోటు నుంచి పాటు దాకా

శ్రోతలకు నమస్కారం.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద చొల్లంగి దాటగానే ఎడమ చేతి వైపు మడ అడవి మొదలవుతుంది. ప్రభుత్వ పత్రాలలో కోరింగ అని వ్రాసే, మా వైపు వాళ్ళం కోరంగి అని పలికే ఈ అడవిని 1978లో వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. గౌతమీ గోదావరి పాయలు సముద్రంలో కలిసే చోట, నది తెచ్చిన ఒండ్రు మీద, ఉప్పునీటికి ఓర్చుకునే చెట్లు మాత్రమే బ్రతకగలిగిన నేల ఇది.

ఇక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది పడవ ఎక్కి, ఫోటోలు దిగి, గంటన్నరలో తిరుగుముఖం పట్టి, చెట్లూ నీళ్ళూ తప్ప ఏముందని ఇంటికి వెళ్ళి చెబుతారు. నేనూ చాలా ఏళ్ళు ఆ మాటే చెప్పినవాణ్ణి. నీరు నిండినప్పుడు వచ్చి, నిండుగా ఉండగానే వెళ్ళిపోయిన వాడికి ఇక్కడి సగం అడవి కనబడదనే సంగతి ఈ మధ్యనే, ఒక రోజంతా అడవిలో వేసిన చెక్క వంతెన మీద తీరికగా తిరిగిన తరువాత, నాకు తెలిసివచ్చింది.

పుష్య బహుళ అమావాస్యను మా ప్రాంతంలో చొల్లంగి అమావాస్య అంటారు. గోదావరి ఏడు పాయలలో ఒకటైన తుల్యభాగ సముద్రంలో కలిసే చోట ఆనాడు వేలాది మంది స్నానాలు చేస్తారు. అక్కడ మొదలయ్యే సప్తసాగర యాత్ర అంతర్వేదిలో ముగుస్తుంది. ఆ రద్దీ తగ్గనిచ్చి నేను విదియ నాడు బయలుదేరాను. తిథి చూసుకుని వెళ్ళడంలో భక్తి కంటే లెక్క ఎక్కువ ఉంది. అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల ఆకర్షణ కలిసి పనిచేయడం వలన ఆ రోజులలో పోటుకు సముద్రపు నీరు బాగా ఎత్తుకు వస్తుంది, పాటుకు బాగా కిందికి పోతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. అవి నేటికి రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. ఇక్కడి జాలర్లు గడియారం చూడకుండానే ఈ లెక్క చెప్పగలరు.

నేను చేరేసరికి పోటు ఇంకా ఎక్కుతోంది. ముందు పడవ మీద పాయ వెంట ఒక చుట్టు తిరిగి వచ్చాను. నీరు కొమ్మల దాకా నిండి ఉంది. ఆకులు నీటికి ఆనుతున్నాయి. లకుముకి పిట్ట ఒకటి కొమ్మ నుంచి కొమ్మకు ఎగురుతూ మా ముందే సాగింది. గట్టు దగ్గర దిగుతుండగా సరంగు నన్ను చూసి, "ఉండండి మాస్టారూ, నీరు తిరిగిందండి. పాటు పడితే అసలు అడవి తేలుద్దండి" అన్నాడు. ఆ మాట పట్టుకునే సాయంత్రం దాకా ఉండిపోయాను.

మధ్యాహ్నం వరకు చెక్క వంతెన మీద చెట్లు చూస్తూ నడిచాను. నల్లమడ, తెల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న ఇక్కడ పక్కపక్కనే కనబడతాయి. తిల్ల చెట్టుకు గాటు పడితే పాలు కారతాయి. ఆ పాలు కంటికి ఎంతో హాని కనుక ఆ చెట్టును తాకకుండా పోవడం మంచిది. మడ ఆకు అడుగున నాలుక ఆనిస్తే ఉప్పగా ఉంటుంది. వేళ్ళు పీల్చిన నీటిలోని అదనపు ఉప్పును చెట్టు ఆకుల ద్వారా బయటికి నెట్టేస్తుంది. ఉప్పుపొన్న కాయ చెట్టున ఉండగానే మొలకెత్తి, పొడవాటి మొలకతో వ్రేలాడి, అదను వచ్చినప్పుడు రాలి బురదలో నాటుకుంటుంది; నీటిలో పడితే తేలుతూ పోయి మరో ఒడ్డున వేరు దిగుతుంది. విత్తనంగా రాలితే పోటుకు కొట్టుకుపోయే చోట, ఏకంగా మొక్కనే కని వదిలే తల్లి అది.

రెండు దాటాక నీరు తీసిపోవడం కళ్ళకు స్పష్టంగా తెలిసింది. మొదట చెట్ల మొదళ్ళ మీద తడి గీత ఒకటి మిగిలింది. తరువాత నీటిలోంచి పెన్సిలు ముక్కల వంటివి ఒకటొకటిగా తలలెత్తి, చూస్తుండగానే వందలై, వేలై నేలంతా పరుచుకున్నాయి. అవి మడ చెట్ల ఊపిరి వేళ్ళు. బురదలో గాలి ఆడదు కనుక ఆ చెట్లు వేళ్ళను పైకి పంపి, పాటు సమయంలో వాటి సన్నని రంధ్రాల గుండా గాలి పీల్చుకుంటాయి. ఉదయం నేను పడవలో కూర్చుని అందంగా ఉందని మెచ్చుకున్న ఆ నిండు నీటి వేళ నిజానికి ఆ చెట్లు ఊపిరి బిగబట్టుకున్న వేళ అన్నమాట. ఆ వేళ్ళకు చుట్టుకున్న ప్లాస్టిక్ కవర్లు కూడా పాటుతోనే బయటపడ్డాయి. వాటిని పారేసినవారు పోటులో వచ్చి వెళ్ళినవారే అయి ఉంటారు.

ఇక బురద మేలుకుంది. ఒక్క డెక్క మాత్రమే పెద్దగా ఉండే చిన్న పీతలు బొరియల అంచున నిలబడి ఆ డెక్కను పైకెత్తి ఊపసాగాయి. మగపీతలకే ఉండే ఆ డెక్క ఆడపీతను పిలవడానికీ, సాటి మగపీతను బెదిరించడానికీ పనికివస్తుంది. బురద మీద గెంతే చేప ఒకటి, రెక్కలను కాళ్ళ వలె ఊని, కళ్ళు తలపైకి పొడుచుకువచ్చిన ముఖంతో, ఊపిరి వేళ్ళ నడుమ నా కంటే నింపాదిగా తిరిగింది. చలికాలపు వలస పిట్టలు ముక్కులతో బురదను పొడుస్తూ వచ్చాయి. పొట్టి ముక్కుది పైపైన, పొడవాటి వంకర ముక్కుది లోతున వెతుక్కుంటుంది కనుక ఒకే బురదలో వాటికి పేచీ లేదు. నేను కదలకుండా ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. తెచ్చుకున్న పులిహోర పొట్లం విప్పడం మరిచిపోయాను.

వంతెనకు దూరంగా కొన్నిచోట్ల తవ్విన కాలువలు ఉన్నాయి. నడుమ ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటాయి. పూర్వం వంటచెరకుకూ కలపకూ అడవిని నరికిన చోట నేల ఎండి, కుంగి, గుంటలు పడింది. ఆ గుంటలలోకి వచ్చిన పోటు నీరు పాటుతో తిరిగి పోలేక నిలిచి ఎండడంతో ఉప్పు పేరుకుపోయి, ఏ మొక్కా మొలవలేదు. నీరు రావడానికీ పోవడానికీ దారి చూపితే అడవి మళ్ళీ లేస్తుందని అటవీశాఖవారూ, పరిశోధకులూ, చుట్టుపక్కల గ్రామాలవారూ కలిసి ఈ కాలువలు తవ్వి మొక్కలు నాటారు. నాటడం కంటే తవ్వడమే ముఖ్యమైన పని అని నాకు అనిపించింది.

ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఈ కోరంగి. ఇక్కడినుంచి బర్మా వెళ్ళిన తెలుగువారినందరినీ అక్కడివారు కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరు ఉప్పెన ఆ రేవును ముంచింది. ఇప్పుడు కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ గత రెండు శతాబ్దాలలో ఇసుక మేట వేసి ఏర్పడినదే. సముద్రపు తాబేళ్ళు ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి.

బావురుపిల్లి మాత్రం నాకు కనబడలేదు. నీటిలో దిగి చేపలు పట్టే ఈ పిల్లులు 2018లో కెమెరాలు అమర్చి లెక్కించినప్పుడు 115 ఉన్నట్లు తేలింది. అది రాత్రి వేటాడుతుంది. బురద మీద దాని అడుగులు పడి ఉన్నా, నేను వచ్చేసరికే ఉదయపు పోటు వాటిని తుడిచివేసి ఉంటుంది. అవి చూడాలంటే తెల్లవారుజామున పాటు ఉండగానే రావాలి.

పొద్దు వాలుతుండగా పడవల గట్టు దగ్గరికి వచ్చాను. ఉదయం నేనెక్కిన పడవ బురదలో ఒక పక్కకు ఒరిగి ఉంది, దాని నీడలో ఒక కొంగ నిలబడి ఉంది. సరంగు గట్టు మీద తువ్వాలు పరుచుకుని పడుకుని, పడవ మళ్ళీ లేచేసరికి రాత్రి పది దాటుతుందని చెప్పి, అటు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.