బాజా జట్టులో చేరాలనుకునే మొదటి ఏడాది విద్యార్థులకు

వ్యాఖ్యాత: నమస్కారం. ఇంజినీరింగ్ మొదటి ఏడాది తరగతులు మొదలైతే చాలు, విద్యార్థి సంఘాల పోస్టర్లతో నోటీసు బోర్డులు నిండిపోతాయి. వాటిలో వాహన ఇంజినీర్ల సంస్థ అయిన ఎస్ఏఈ ఇండియా విద్యార్థి విభాగం తరఫున బాజా వాహనం తయారుచేసే జట్టు గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. అలాంటి జట్టుకు మార్గదర్శిగా ఉన్న మెకానికల్ అధ్యాపకురాలు మనతో ఉన్నారు. మేడమ్, అసలు ఈ పోటీ ఏమిటి?

అధ్యాపకురాలు: రాళ్లలో, బురదలో, గుంతల్లో నడిచే ఒంటి సీటు వాహనాన్ని విద్యార్థులే రూపొందించి, తయారుచేసి, నడిపి చూపించాల్సిన పోటీ ఇది. అమెరికాలో 1976లో మొదలైంది, మన దేశంలో 2007 నుంచి జరుగుతోంది. ఇండోర్ దగ్గరి పీథంపూర్‌లో ఉన్న వాహన పరీక్షా కేంద్రం ఈ పోటీకి పేరుపొందిన వేదిక. పెట్రోలు విభాగంలో అందరికీ ఒకే రకం ఇంజిన్ ఉంటుంది కాబట్టి బరువు, సస్పెన్షన్, గేర్లు ఎవరు బాగా ఆలోచించారన్న దాని మీదే ఫలితం ఆధారపడుతుంది.

వ్యాఖ్యాత: ఏమీ తెలియకుండా వచ్చే మొదటి ఏడాది పిల్లలకు మీరు ముందుగా ఏ పని అప్పగిస్తారు?

అధ్యాపకురాలు: నిబంధనల పుస్తకం ఇచ్చి చదవమంటాను. చాలామంది వచ్చీ రాగానే కంప్యూటర్ మీద డిజైన్ చేస్తామంటారు, ఆ ఉత్సాహం నాకూ ఇష్టమే. కానీ డ్రైవరు చుట్టూ రక్షణగా ఉండే గొట్టాల చట్రం, అంటే రోల్ కేజ్‌కు 25.4 మిల్లీమీటర్ల బయటి వ్యాసం, 3.05 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు గొట్టాన్ని ప్రమాణంగా ఎందుకు పెట్టారో, వేరే కొలత గొట్టం వాడదలిస్తే వంపును తట్టుకునే శక్తిలో అది దీనికి తీసిపోదని లెక్క కట్టి ఎందుకు చూపించాలో అర్థం చేసుకోవాలంటే, రెండో ఏడాదిలో రావాల్సిన, పదార్థాల బలాన్ని లెక్కగట్టడం నేర్పే స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పాఠాన్ని వాళ్లే వెతుక్కుని చదవాల్సి వస్తుంది. పరీక్ష కోసం కాకుండా అవసరం కొద్దీ చదివిన పాఠం మనసులో ఎలా నిలుస్తుందో నేను ప్రతి ఏటా చూస్తున్నాను.

ఆ తరువాత వర్క్‌షాపు. ఒక గొట్టం చివరను రెండో గొట్టం గుండ్రదనానికి సరిగ్గా అతికేలా కోసి, ఆకురాయితో అరగదీసి, మధ్యలో వెలుగు కనిపించకుండా కూర్చోబెట్టాలి. సందు మిగిలితే వెల్డింగ్ బలహీనపడుతుంది, వాహనం పల్టీ కొట్టిన రోజున ఆ అతుకే డ్రైవరు తలను కాపాడాలి. పోటీలో తనిఖీ అధికారులు ఇవన్నీ చూస్తారు. హెల్మెట్, బెల్టులతో కూర్చున్న డ్రైవరు ఐదు సెకన్లలో బయటపడగలగాలి, బ్రేకు తొక్కితే నాలుగు చక్రాలూ బిగుసుకుపోవాలి.

వ్యాఖ్యాత: అమ్మాయిలకు వర్క్‌షాపు వేళలు ఇబ్బంది కావా?

అధ్యాపకురాలు: అవుతున్నాయి, అది అన్యాయం. రాత్రి పనిచేయడం జట్లకు అలవాటు, అమ్మాయిలేమో హాస్టల్ గేటు మూసేలోగా వెళ్లిపోవాలి. దాంతో వెల్డింగ్, అసెంబ్లీ వాళ్లు లేనప్పుడే జరిగిపోయి, వాళ్లకు బిల్లులు, నివేదికలే మిగులుతాయి. మా జట్టులో ముఖ్యమైన పనులను సాయంత్రం వేళలకు మార్పించాను. ఏ జట్టయినా ఇది చేయగలదు.

వ్యాఖ్యాత: తరగతుల హాజరు సంగతి?

అధ్యాపకురాలు: జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. పోటీకి వెళ్లే రోజులకు ముందుగానే విభాగాధిపతికి రాసిచ్చి అనుమతి తీసుకోవాలి. అమ్మానాన్నలకూ ముందే చెప్పాలి.

వ్యాఖ్యాత: అసలు మొదటి ఏడాది విద్యార్థి వల్ల జట్టుకు ఏమిటి ప్రయోజనం?

అధ్యాపకురాలు: చాలా ఉంది. నాలుగో ఏడాది వాళ్లు వెళ్లిపోగానే వాళ్లు నేర్చుకున్నదంతా వాళ్లతోనే వెళ్లిపోతుంది, కొత్త జట్టు మళ్లీ అదే చోట యాక్సిల్ విరగ్గొట్టుకుంటుంది. మొదటి ఏడాది విద్యార్థికి ఇంకా మూడేళ్లు చేతిలో ఉంటాయి కాబట్టి ఏ భాగం ఎందుకు విఫలమైంది, ఏ కొలత ఎందుకు మార్చారు అన్నవి పక్కనే ఉండి రాసిపెట్టగలిగేది అతనే. అన్ని సంఘాల్లోనూ పేరు రాయించుకునేవారు ఆ పని చేయలేరు, అందుకే ఒక్కదాంట్లో చేరండి అంటాను.

వ్యాఖ్యాత: చేరాలనుకునేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

అధ్యాపకురాలు: ఏదో ఒక సాయంత్రం వర్క్‌షాపుకు వెళ్లి పాత వాహనాన్ని చూపించమనండి. కిందటిసారి ఏ భాగం విరిగిందో, ఎందుకు విరిగిందో అడగండి. ఆ ముక్కను తీసి చేతిలో పెట్టి కారణం వివరించే సీనియర్లు కనిపిస్తే, అక్కడే పేరు ఇచ్చి రండి.