ఒంగోలు కొండ మీద ఐదుగురు

ప్రైజ్ ది లార్డ్ అండి, అందరికీ వందనాలు.

నా బైబిల్లో లేవీయకాండం దగ్గర ఒక కార్డు ఇరుక్కుని ఉంది. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో కొత్త యేడాదికని ఒక వచనం రాసి ఇస్తారు కదా, వాగ్దానం కార్డు, అదే. ఈసారి బైబిలు మొత్తం చదివేస్తానని జనవరి ఒకటిన మొదలుపెట్టా. ఆదికాండం పరుగు తీసింది. నిర్గమకాండంలో గుడారం కొలతలు వచ్చేసరికి నడక మందగించింది. లేవీయకాండంలో కూలబడ్డా. ఇంతకీ ఆ కార్డు ఈ యేడాదిది కాదు, మూడేళ్ళ కిందటిది. నవ్వకండి, మీ బైబిల్లోనూ ఎక్కడో ఒకటి ఉండే ఉంటుంది.

మొన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, బాప్తిస్మం తీసుకుని ఆరేళ్ళయింది. అదే కోపం, అవే తప్పులు. ప్రార్థనకి మోకరిస్తే నిద్రొస్తుంది. చల్లారిపోయానన్నా" అన్నాడు. విశ్వాసముంచు తమ్ముడూ అని ఫోన్ పెట్టేయొచ్చు. ఆ మాట పాపం ప్రతి ఆదివారం వింటూనే ఉన్నాడు. అందుకని ఒంగోలు సంగతి చెప్పా.

మీలో చాలామందికి తెలిసిందే. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఉజ్జీవ కూటాల్లో ఈ అంకె చెప్పగానే హల్లెలూయ అంటాం. నాకేమో ఆ అంకె కన్నా దాని ముందున్న సంవత్సరాలే ఎక్కువ పనికొచ్చాయి. వాటి గురించి ఎవరూ మైకులో చెప్పరు.

అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టారు. ఏళ్ళు గడిచినా ఫలితం వేళ్ళ మీద లెక్కపెట్టేంత. డబ్బు దండగ, మూసేద్దాం అని అమెరికాలో పెద్దలు ఒకసారి కాదు, మూడుసార్లు చర్చ పెట్టారు. 1853లో ఆ చర్చ జరిగినప్పుడే ఈ నెల్లూరు మిషన్‌కి ఒంటరి నక్షత్రం అని పేరొచ్చింది. ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటాం గానీ, మ్యాపులో చుట్టుపక్కల ఇంకేమీ లేదు కాబట్టి వచ్చిన పేరది.

ఆ మరుసటి జనవరి ఒకటి, 1854. తెల్లవారేసరికి ఒంగోలు పక్కన కొండ మీద ఐదుగురు. నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు (అది మనిషి పేరే), జూలియా, రూతు. కింద ఊరు కనిపిస్తోంది. ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపించు ప్రభువా అని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. దిగిపోయారు.

ఆ యేడు ఎవరూ రాలేదు. మరుసటి యేడూ రాలేదు. 1862లో జ్యూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్తే, అక్కడ మళ్ళీ అదే మాట, మూసేద్దామని. మీరు పంపకపోతే నేనొక్కణ్ణే వెళ్తానన్నాడాయన. చివరికి క్లౌ దొర అనే అమెరికన్ మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్ళు! 1867 జనవరి ఒకటిన సంఘం కట్టారు, సభ్యులు ఎనిమిది మంది.

నాకు బాగా తగిలింది మాత్రం ఆ తర్వాతి సంగతి. 1876 నుంచి 78 దాకా ధాతు కరువు. క్లౌ ముందు సర్వేయరుగా పనిచేసిన మనిషి కదా, బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, కూడు చూపించాడు. జనం వచ్చి బాప్తిస్మం ఇవ్వండయ్యా అని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారో, నిజంగా వస్తున్నారో తేలాలి కదా. కరువు పనులు ముగిసి, ఇక చేతిలో పెట్టడానికి ఏమీ లేనప్పుడు కూడా వచ్చినవాళ్ళే ఆ 2,222 మంది. మూసేయమన్న పెద్దలకి చూపించడానికి అంకె కావాల్సిన మనిషి, అంకె ఇంటికొస్తే ఆగమన్నాడు. మనమైతేనా? మూడు రోజులు ఉపవాసముండి నాలుగో రోజుకల్లా స్టేటస్‌లో సాక్ష్యం పెట్టేస్తాం.

ఇదంతా విని తమ్ముడు, "వాళ్ళు మిషనరీలన్నా. నేను మెడికల్ షాపులో పనిచేస్తా" అన్నాడు. ఆ కొండెక్కినవాళ్ళలో దొరలు ఇద్దరే తమ్ముడూ, మిగతా ముగ్గురూ ఇక్కడివాళ్ళే అన్నా. నీకూ 2,222 లాంటి రోజొకటి వస్తుందని మాత్రం నేను చెప్పలేదు, చెప్పను. ఆ కోపం ఇంకో పదేళ్ళు వెంటాడొచ్చు. మోకాళ్ళ మీద నిద్రొస్తే, రాత్రి పదకొండుకి షాపు కట్టేసి వచ్చే మనిషికి రాక ఏం చేస్తుంది? పొద్దున్నే షట్టర్ ఎత్తే ముందు ఐదు నిమిషాలు చూడు అన్నా. సరే అన్నాడు. చేస్తున్నాడో లేదో ఇంకా అడగలేదు.

నేను మాత్రం ఆ పాత కార్డు తీయకుండా అక్కణ్ణించే మొదలుపెట్టా. ఇవాళ్టిది లేవీయకాండం పదమూడో అధ్యాయం. మచ్చలు, కుష్ఠు, యాజకుడి పరీక్షలు, యాభై తొమ్మిది వచనాలు. వెళ్ళి చదువుకోవాలి. ఉంటానండి, వందనాలు.