చలికాలంలో చెన్నపట్నం, కాలినడకన

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో చలి అంటే తెల్లవారుజామున 20 డిగ్రీల చిల్లరే. అయినా పాత పట్నం నడిచి చూడటానికి ఇంతకంటే మంచి అదను దొరకదు. డిసెంబరు సగం దాకా ఈశాన్య ఋతుపవనాల వానలుంటాయి కాబట్టి జనవరి నయం. శనివారం ఒక పూట సెయింట్ జార్జి కోట, ఆదివారం ఒక పూట దాని పక్కనే ఉన్న పాత పేట జార్జిటౌన్ చాలు.

కోట మ్యూజియానికి శుక్రవారం సెలవు. లోపల సచివాలయం, సైనిక కార్యాలయాలు ఉన్నాయి కనుక గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి, ఫొటో తీసేముందు కాపలావాళ్లను అడగండి. సెయింట్ మేరీస్ చర్చిలో ఒకసారి తలెత్తి చూడండి. 1680 నాటి ఆ కప్పులో దూలం కనబడదు. ఫిరంగి గుండు పడినా నిలవాలని మందంగా ఇటుక కమాను తిప్పారు.

ఆదివారం ఉదయం 7 గంటలకల్లా హైకోర్టు మెట్రోలో దిగండి. మిగతా రోజుల్లో తోపుడుబళ్ల మధ్య ఆగి పైకి చూసే వీలుండదు. ముందుగా రాజాజీ సాలైకి వెళ్లాలి. రాబర్ట్ చిషోమ్ గీసిన 1884 నాటి జనరల్ పోస్టాఫీసు, హెన్రీ ఇర్విన్ కట్టించిన 1897 నాటి స్టేట్ బ్యాంకు, రెండూ సముద్రం వైపే తిరిగి ఉంటాయి. పొద్దుటి ఎండలో ఒక్కో ఇటుక వరసా విడిగా తేలుతుంది. మధ్యాహ్నం వెళితే సూర్యుడు వాటి వెనక ఉంటాడు, ముఖభాగమంతా నీడే.

వెనక్కి వస్తే ఎర్రటి హైకోర్టు, 1892. దాని గుమ్మటం మీద 1894 నుంచి 1977 దాకా ఓడలకు దీపం వెలిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1914 సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ పేల్చిన గుండ్లకు గుర్తుగా ప్రహరీకి ఫలకం ఉంది.

గుమ్మటాల ఫొటోలు అందరూ తీస్తారు. ఈ పట్నం అసలు పనితనం మాత్రం పాత మిద్దెల్లో ఉంది. ఆర్మీనియన్ వీధి, ఆ పక్క సందుల్లో పెచ్చులూడిన కప్పు కనబడితే కాస్త దూరంగా నిలబడి చూడండి. టేకు దూలాల మీద పలచటి ఇటుకలను నిలువు అంచున, ఏటవాలుగా పేర్చి, గానుగ సున్నంతో అతికేవారు. పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పోసి, చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టేవారు. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపేవారు. గోడ పైపూతకు ముత్యపు చిప్పల, గవ్వల సున్నం, కోడిగుడ్డు తెల్లసొన వాడి, పాలరాయిలా మెరిసేదాకా రుద్దేవారు.

ఈ గోడకు సిమెంటు పూస్తే చేటే. సున్నం గోడ పీల్చిన తడిని బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. లోపలే ఉండిపోయిన తడిలోని ఉప్పు పొంగి, పూతతోపాటు ఇటుక ముఖాన్నీ రాల్చేస్తుంది. మరమ్మతు అతుకు అంచున తెల్లటి బూజులాంటి పొడి కనబడితే కారణం అదే.

చివరగా దేవరాజ మొదలి వీధిలో చెన్నకేశవ, చెన్న మల్లేశ్వర ఆలయాలు. విజయనగర కాలపు నాయకుడు దామెర్ల చెన్నప్ప పేరుతో వెలసిన ఈ పట్నపు పాత గుడి ఒకప్పుడు ఇప్పటి హైకోర్టు స్థలంలో ఉండేది. 1757లో ఆంగ్లేయులు దాన్ని పడగొట్టాక ఇవి ఇక్కడికొచ్చాయి. మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు, 11 గంటలలోపే చేరుకోండి.