‘మమ’ అని ఎంటర్ కొట్టేస్తే ఎలా?

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన ఇరవై నిమిషాలూ వాటికే సరిపోతాయి, మన్నించాలి. శాలువా తర్వాత కప్పుదురుగాని, ఉక్కగా ఉంది.

ప్యాకేజీ అంటే పదిమందీ వాడుకునేలా నెట్‌లో పెట్టిన ప్రోగ్రాముల మూట. దానిలో మెటాడేటా, అంటే ఆ మూట గురించి రాసే వివరాలు, ఏమేం ఉండాలన్నది ఈరోజు విషయం. 2021 జులైలో అమెరికా వాణిజ్య శాఖలోని ఎన్‌టీఐఏ అనే సంస్థ, సాఫ్ట్‌వేర్‌లో ఏయే భాగాలున్నాయో చెప్పే పట్టీలో కనీసం ఏడు వివరాలుండాలంది: ఇచ్చిందెవరు, పేరు, వెర్షన్, గుర్తింపు, దేని మీద ఆధారపడింది, ఈ వివరాలు రాసిందెవరు, ఎప్పుడు. ఏడూ విడమరచి చెప్దామనే వచ్చాను. కానీ చూశారా, ఏడింట్లో లైసెన్సు, అంటే ఎవరెలా వాడుకోవచ్చో చెప్పే అనుమతి, లేదు! అది భద్రత కోసం వేసిన జాబితా, వాళ్ళ లెక్క వాళ్ళది. నా గోల మాత్రం అక్కడే.

ఒకప్పుడు తెలుగు అంకెల్ని మామూలు అంకెల్లోకి మార్చే బుల్లి ప్యాకేజీ ఒకటి పెట్టాను. నలభై లైన్లు. లైసెన్సు దగ్గర ‘ఫ్రీ’ అని రాశాను. ధర్మదాతని కదా! ఓ కుర్రాడు ఫోన్ చేశాడు. ‘సార్, మా లీగల్ వాళ్ళు ఫ్రీ అంటే ఏంటంటున్నారు. డబ్బు తీసుకోరనా? మార్చుకోవచ్చనా? అమ్ముకోవచ్చనా?’ అన్నీనయ్యా అన్నాను. ‘ఆ మాట ఫైల్లో రాయండి సార్, ఫోన్లో చెప్తే వినరు.’ నాకు ఒళ్ళు మండి నెల్లాళ్ళు ముట్టుకోలేదు. ఈలోపు అతను అదే పని మళ్ళీ మొదట్నుంచీ రాసుకున్నాడు. తప్పు నాదే. వాడుకో, మార్చుకో, అమ్ముకో అనే లైసెన్సు ఒకటుంది, ‘ఎంఐటీ’ అని. ఆ మూడక్షరాలు రాస్తే పోయేది. ఎస్‌పీడీఎక్స్ అనే లైసెన్సుల జాబితాలో ఇలాంటి పొట్టి పేర్లన్నీ ఉన్నాయి, చూసి రాయడమే.

ఇంకా సిగ్గుచేటు, మెయింటైనర్, అంటే ప్యాకేజీ బాగోగులు చూసేవాళ్ళ పేరు, దగ్గర నేనిచ్చిన మెయిల్ పాత ఆఫీసుది. ఉద్యోగం మారాక ఎవరు రాసినా తిరుగుటపా!

మీరు నాకన్నా నయమా? జావాస్క్రిప్ట్ ప్యాకేజీ మొదలుపెట్టడానికి ‘ఎన్‌పీఎం ఇనిట్’ అనే కమాండ్ కొడితే వరసగా ప్రశ్నలడుగుతుంది. పెళ్ళిపీటల మీద ‘మమ’ అన్నట్టు ఎంటర్, ఎంటర్, ఎంటర్. లైసెన్సు ‘ఐఎస్‌సీ’ అని దానంతటదే పడుతుంది. అదేంటో తెలిసినవాళ్ళు చెయ్యెత్తండి. ...ఇద్దరు. అదీ ఎంఐటీలాంటి లైసెన్సే.

పోనీ, ఏమీ రాయకపోతే? మన 1957 కాపీరైట్ చట్టంలో ప్రోగ్రామూ సాహిత్య రచన కిందే లెక్క. అనుమతి రాయలేదంటే వాడుకోవద్దనే. మీరు ఊరికే ఇద్దామనుకున్నదే తాళం వేసిన పెట్టె అవుతుంది.

వెనక వరసలో ల్యాప్‌టాప్ తెరిచిన అబ్బాయీ, అవును నువ్వే. నీ ప్యాకేజీ ఏదో ఒకటి తియ్యి. లైసెన్సు దగ్గర ఏముందో గట్టిగా చదువు. ...ఏంటీ, ‘ఫ్రీ’ అనా?