అలా చేయకపోయి ఉంటే ఏమయ్యేది? వ్యాపార నిర్ణయాల్లో సాంఖ్యకశాస్త్రం, అర్థశాస్త్రం

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, ఈ విషయం మీద ఆసక్తితో వచ్చిన శ్రోతలందరికీ నమస్కారం.

వ్యాపారం చేసేవారు మా వంటివారి దగ్గరకు తెచ్చే ప్రశ్నలు పైకి చాలా చిన్నవి. ధర తగ్గిస్తే లాభం పెరుగుతుందా? ప్రకటనల మీద పెడుతున్న ఖర్చు తిరిగి వస్తోందా? ఎంత సరుకు తెచ్చి ఉంచుకోవాలి? వీటన్నిటికీ జవాబు తమ ఖాతాల్లోనే ఎక్కడో దాగి ఉందనీ, దాన్ని వెలికి తీయడమే మా పని అనీ చాలామంది అనుకుంటారు. ఆ అభిప్రాయంలో ఒక పొరపాటు ఉంది. ఖాతా పుస్తకం జరిగినదాన్ని మాత్రమే చెబుతుంది. వ్యాపారి అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ జరగనిదాని గురించే ఉంటుంది. ధర తగ్గించకపోయి ఉంటే ఎంత అమ్ముడయ్యేది, ప్రకటన ఇవ్వకపోయి ఉంటే ఎంతమంది వచ్చేవారు అన్నదే అసలు ప్రశ్న. నడవని ఆ రెండో దారి ఎలా ఉండేదో ఊహించడానికి మనుషులు ధరలకూ అవకాశాలకూ ఎలా స్పందిస్తారో చెప్పే అర్థశాస్త్రం కావాలి. ఆ ఊహను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చడానికి సాంఖ్యకశాస్త్రం కావాలి.

ధరతోనే మొదలుపెడతాను, ఎందుకంటే తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడే. ఒక వస్తువును 100కు అమ్ముతున్నామనీ, అదనంగా ఇంకొకటి తయారుచేసి అమ్మడానికి 75 ఖర్చవుతుందనీ అనుకుందాం. ఒక్కొక్కదాని మీద మిగిలేది 25. ధరను పది శాతం తగ్గిస్తే మిగిలేది 15 అవుతుంది. అంటే వెనకటి లాభమే నిలుపుకోవాలన్నా అమ్మకాలు మూడింట రెండు వంతులు పెరగాలి. అరవై ఆరు శాతానికి పైగా. పది శాతం ధర తగ్గింపుకు అమ్మకాలు నలభై శాతం పెరిగాయని సంబరపడిన సంస్థ నిజానికి నష్టపోయినట్టే. ఈ లెక్కకు కంప్యూటరు అక్కర్లేదు, కాగితం ముక్క చాలు. అయినా ఈ లెక్క వేయకుండానే తగ్గింపులు ప్రకటించే సంస్థలను నేను ఎన్నిటినో చూశాను. ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసింది ఉపాంత వ్యయాన్నే, అంటే ఇంకొక్క వస్తువుకు అదనంగా అయ్యే ఖర్చునే. భవనం అద్దె, యంత్రాల కొనుగోలు వంటి, ఈ నిర్ణయం వల్ల మారని ఖర్చులను ఇందులో కలిపి ఒక్కో వస్తువుకు పంచితే లెక్క మొత్తం వక్రమవుతుంది. ఎప్పుడో పెట్టేసిన, తిరిగిరాని డబ్బు గురించి బాధపడవచ్చు గాని, రేపటి ధరను నిర్ణయించే హక్కు దానికి లేదు.

సరే, అమ్మకాలు మూడింట రెండు వంతులు పెరగాలి, పెరుగుతాయా? ఇదే కష్టమైన భాగం. పాత ధరలనూ పాత అమ్మకాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసిపోదా అని అడుగుతారు. తెలియదు. హోటళ్ల గదుల ధరలూ, నిండిన గదుల సంఖ్యా ఏడాది పొడవునా నమోదు చేసి చూడండి: ధర ఎక్కువగా ఉన్న రోజుల్లోనే గదులు ఎక్కువగా నిండి ఉంటాయి. దాన్నిబట్టి ధర పెంచితే జనం ఎక్కువ వస్తారని ఎవరూ అనుకోరు, ఎందుకంటే జనం వస్తారని తెలిసిన రోజుల్లోనే యజమాని ధర పెంచాడని అందరికీ తెలుసు. హోటలు విషయంలో ఇది కంటికి కనిపిస్తుంది. మిగతా సరుకుల విషయంలో కూడా ఇదే జరుగుతుంది గాని కంటికి కనిపించదు. ధర దానంతట అది ఆకాశం నుంచి ఊడిపడదు. ఎవరో ఒకరు, ఏదో ఒక అంచనాతో, ఆ రోజు ఆ ధర పెట్టారు. ఆ అంచనాకు కారణమైన విషయమే అమ్మకాలనూ కదిలించి ఉంటే, ఆ రెండు వరుసల అంకెల మధ్య కనిపించే సహసంబంధం డిమాండు గురించి మనకు ఏమీ చెప్పదు.

ఈ చిక్కును అర్థశాస్త్రవేత్తలు సుమారు వందేళ్ల కిందటే గుర్తించారు. గతంలోని ధరలనూ పరిమాణాలనూ గీతగా గీస్తే వచ్చేది డిమాండు రేఖా, సప్లయి రేఖా, లేక రెండూ కాని కలగాపులగమా అని ఎల్మర్ వర్కింగ్ 1927లో ప్రశ్నించాడు. మరుసటి ఏడాది ఫిలిప్ రైట్, నూనెల మీద దిగుమతి సుంకాల గురించిన తన పుస్తకానికి జోడించిన అనుబంధంలో దీనికి ఒక ఉపాయం చూపించాడు. అవిసె గింజల దిగుబడి వాతావరణాన్నిబట్టి ఎకరానికి ఇంత అని మారుతుంది. ఆ మార్పు కొనేవారి కోరికను ముట్టుకోదు, సరఫరాను మాత్రమే కదిలిస్తుంది. కాబట్టి దిగుబడి మార్పు వల్ల ధర ఎంత కదిలిందో, దానితో పాటు కొనుగోలు ఎంత కదిలిందో చూస్తే, ఆ ముక్క వరకు మనం చూస్తున్నది డిమాండునే. ఈ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది. ముడిసరుకు ధర హఠాత్తుగా పెరగడం, రవాణా కొన్ని రోజులు నిలిచిపోవడం, పన్ను రేటు మారడం వంటివి కొనేవారి అభిరుచితో సంబంధం లేకుండా ధరను కదిలిస్తాయి. మీ సంస్థ చరిత్రలో అటువంటి సంఘటనలు జరిగి ఉంటే, మామూలు రోజుల వెయ్యి వరుసల దత్తాంశం (డేటా) కన్నా ఆ కొద్ది రోజుల దత్తాంశమే విలువైనది. పెద్ద దత్తాంశం మీద ఉన్న మోజులో ఈ సంగతి మరుగున పడిపోతోందని నాకు అనిపిస్తుంది.

అటువంటి సంఘటనలు లేనప్పుడు వాటిని మనమే కల్పించుకోవచ్చు. ప్రయోగం అంటే అదే. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో 1919లో చేరిన సాంఖ్యకశాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్, ఏ మడికి ఏ ఎరువు వేయాలో మనిషి ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా, అంటే చీటీలు తీసినట్టు, నిర్ణయించాలని పట్టుబట్టాడు. ఎరువు వేసిన మడులకూ వేయని మడులకూ మధ్య వేరే తేడాలు ఉన్నా, అవి ఒక పక్కకే మొగ్గకుండా చేసే ఉపాయం అది. పొలాల కోసం పుట్టిన ఈ పద్ధతి వ్యాపారంలో ఏం చేయగలదో చెప్పడానికి ఇంటర్నెట్‌లో కొనుగోళ్లు, అమ్మకాలు జరిపించే ఈబే సంస్థ ఉదాహరణ చాలు. 2012లో థామస్ బ్లేక్, క్రిస్ నోస్కో, స్టీవెన్ టడెలిస్ అక్కడ చేసిన ప్రయోగాల ఫలితాలు 2015లో ప్రచురితమయ్యాయి. సెర్చ్ ఇంజన్లలో ఎవరైనా ఈబే పేరుతో వెతికితే పైన కనిపించే ప్రకటనకు ఆ సంస్థ డబ్బు కట్టేది. కొన్ని సెర్చ్ ఇంజన్లలో ఆ ప్రకటనలు ఆపేసి చూశారు. ప్రకటన మీద నొక్కి వచ్చేవారిలో 99.5 శాతం మంది దాని కిందనే ఉన్న మామూలు లింకు మీద నొక్కి వచ్చేశారు. ఆ తరువాత, సంస్థ పేరు లేని మామూలు పదాలకు ఇచ్చే ప్రకటనలను అమెరికాలో యాదృచ్ఛికంగా ఎంచిన కొన్ని ప్రాంతాల్లో సుమారు రెండు నెలలు ఆపారు. మొత్తం మీద అమ్మకాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కొత్తవారి మీదా, అరుదుగా వచ్చేవారి మీదా ప్రకటనల ప్రభావం ఉంది. కాని ఖర్చులో ఎక్కువ భాగం ఎలాగూ వచ్చే పాత ఖాతాదారుల మీదే పోతోంది. అంతకుముందు ఖర్చునూ అమ్మకాలనూ జతచేసి వేసిన లెక్కలో ఇదే ప్రకటనల మీద అపారమైన లాభం కనిపించేది. కొనాలని ముందే నిశ్చయించుకున్నవారే వెతుకుతారు, వెతికినవారికే ప్రకటన కనిపిస్తుంది; ఆ సంగతి జతచేసిన లెక్కకు తెలియదు.

ఇంత చెప్పాక, ప్రయోగం చేస్తే చాలు అంతా తేలిపోతుందని మీరు అనుకోకూడదు. ఎంతమంది మీద చేయాలన్నది ముందే లెక్కవేసుకోవాలి, ఆ లెక్క తరచుగా నిరుత్సాహపరుస్తుంది. వెబ్‌సైటుకు వచ్చిన వందమందిలో ఇద్దరు కొంటున్నారనీ, కొత్త రూపంతో అది మూడుకు చేరుతుందేమోననీ చూడాలనుకుందాం. లేని తేడాను ఉందని పొరబడే అవకాశం 5 శాతానికి మించకుండా, నిజంగా ఉన్న తేడాను ఐదింట నాలుగు సార్లు పట్టుకునేలా పరీక్ష జరపాలంటే పాత రూపం చూసే పక్షానికీ, కొత్త రూపం చూసే పక్షానికీ ఒక్కోదానికి సుమారు నాలుగు వేల మంది చాలు. కాని వెదుకుతున్నది 2 శాతం నుంచి 2.2 శాతానికి పెరుగుదల అయితే ఒక్కో పక్షానికి ఎనభై వేల మందికి పైగా కావాలి. తేడా పదో వంతో ఇరవయ్యో వంతో అయినకొద్దీ కావలసిన సంఖ్య దాని వర్గం చొప్పున పెరుగుతూ పోతుంది. ప్రకటనల విషయంలో ఇది మరీ కష్టం, ఎందుకంటే ఒక మనిషికీ మరొక మనిషికీ కొనుగోళ్లలో ఉండే తేడా ముందు ప్రకటన వల్ల వచ్చే మార్పు చాలా చిన్నది. ఇరవై అయిదు భారీ ప్రకటన ప్రయోగాలను పరిశీలించిన రాండల్ లూయిస్, జస్టిన్ రావ్ కూడా ఈ కొలత ఎంత దుర్లభమో 2015లో చూపించారు. ఇక రోజూ ఫలితాలు తొంగిచూస్తూ, తమకు నచ్చిన తేడా కనిపించిన రోజున ప్రయోగం ఆపేసేవారి గురించి ఏమీ చెప్పనక్కర్లేదు. వారికి కావలసింది జవాబు కాదు, అనుమతి.

ప్రయోగం చేయకుండా గతాన్ని మాత్రమే చూసేవారిని వెంటాడే మరొక పొరపాటు ఉంది. దాని కథ నాకు ప్రత్యేకించి ఇష్టం, ఎందుకంటే అందులో పొరబడినవాడు సామాన్యుడు కాదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన సాంఖ్యకశాస్త్రవేత్త హొరేస్ సీక్రిస్ట్, పదుల కొద్దీ వ్యాపార రంగాల అంకెలను ఏళ్ల తరబడి సేకరించి 1933లో ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు. మొదటి ఏడాది ముందు వరుసలో ఉన్న సంస్థలు కాలక్రమంలో సగటు వైపు దిగుతున్నాయనీ, వెనకబడినవి సగటు వైపు ఎక్కుతున్నాయనీ, అంటే పోటీ అందరినీ సామాన్యుల స్థాయికి లాగేస్తోందనీ ఆయన తేల్చాడు. మరొక సాంఖ్యకశాస్త్రవేత్త హెరాల్డ్ హోటెలింగ్ ఆ పుస్తకాన్ని సమీక్షిస్తూ, ఇది వ్యాపార సూత్రం కాదు, గుంపులు కట్టిన పద్ధతి నుంచి పుట్టిన లెక్క మాత్రమేనని చూపించాడు. ఒక ఏడాది అందరికన్నా ముందున్నవారిలో సామర్థ్యంతో పాటు అదృష్టం కూడా కొంత ఉంటుంది. మరుసటి ఏడాది సామర్థ్యం నిలుస్తుంది, అదృష్టం నిలవదు. చివరి ఏడాదిని ఆధారంగా తీసుకుని వెనక్కి నడిస్తే ఇదే దృశ్యం తిరగబడి కనిపిస్తుంది. తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల విషయంలో ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే వివరించిన ప్రతిగమనం ఇది.

అమ్మకాలు బాగా పడిపోయిన శాఖలను ఎంచి, అక్కడి సిబ్బందికి శిక్షణ ఇప్పించి, మరుసటి త్రైమాసికంలో అమ్మకాలు పెరిగాయని శిక్షణకు కీర్తి కట్టబెట్టే నివేదికలు నేటికీ వస్తున్నాయి. అదే అడుగున ఉన్న శాఖల్లో సగానికి, యాదృచ్ఛికంగా ఎంచి, శిక్షణ ఇవ్వకుండా ఉంచి పోల్చి ఉంటే, పెరుగుదలలో ఎంత భాగం శిక్షణది, ఎంత భాగం కాలానిది అన్నది తెలిసేది.

సరుకు నిల్వ విషయం కొంత తేలిక, కొంత మోసకారి. తేలిక ఎందుకంటే దీనికి చక్కని సూత్రం ఉంది. బ్యాంకు ఎంత నగదు చేతిలో ఉంచుకోవాలన్న ప్రశ్న రూపంలో అర్థశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ఎడ్జ్‌వర్త్ 1888లోనే దీన్ని ఆలోచించాడు. రేపటికి పనికిరాని సరుకు ఒకటి అమ్ముడైతే మూడు రూపాయల లాభం మిగులుతుందనీ, అమ్ముడవకపోతే ఒక రూపాయి పోతుందనీ అనుకుందాం. అప్పుడు తేవలసింది సగటు డిమాండుకు సరిపడా కాదు. నూటికి డెబ్బై అయిదు రోజులు సరిపోయేంత. లాభమైన మూడును, లాభనష్టాలు కలిపిన నాలుగుతో భాగిస్తే వచ్చేది ఆ డెబ్బై అయిదు శాతం. లాభనష్టాల నిష్పత్తి మారితే ఈ అంకె మారుతుంది, సగటు మాత్రం మారదు. అందుకే సగటును చూసి నిల్వ నిర్ణయించేవారు ఏదో ఒక పక్క తప్పుతారు. మోసకారి ఎందుకంటే, సరుకు అయిపోయిన రోజున మన దగ్గర నమోదయ్యేది అమ్మకం, డిమాండు కాదు. వంద తెచ్చి వందా అమ్మిన రోజున నూట యాభై మంది వచ్చి ఉండవచ్చు. ఖాళీ చేతులతో వెళ్లినవారి లెక్క ఏ ఖాతాలోనూ ఉండదు. అటువంటి రోజులను గుర్తు పెట్టకుండా వేసిన అంచనా ప్రతిసారీ కిందికి జారుతుంది, ఆ అంచనాతో తెచ్చిన సరుకు ఇంకా ముందే అయిపోతుంది, మళ్లీ అంచనా ఇంకాస్త దిగుతుంది.

ఈ రెండు శాస్త్రాలు ఎక్కడ కలుస్తాయో అందరికన్నా స్పష్టంగా చూసినవాడు విశ్వవిద్యాలయంలో కాదు, కర్మాగారంలో పనిచేశాడు. విలియం గాసెట్ 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు తయారీ సంస్థలో చేరాడు. బార్లీ రకాల మీద చేసే పరీక్షలు కొన్నే ఉండేవి. అంత కొద్ది పరిశీలనలతో ఏ మేరకు నమ్మకంగా మాట్లాడవచ్చన్న ప్రశ్న నుంచి 1908లో ఆయన వ్యాసం పుట్టింది. ఉద్యోగులు సొంత పేరుతో ప్రచురించకూడదన్న సంస్థ నియమం వల్ల ఆయన ‘స్టూడెంట్’ అన్న పేరు పెట్టుకున్నాడు. నేటికీ మనం వాడే ‘టీ’ పరీక్ష అదే. ఆయన ఆలోచనలో నాకు అంతకన్నా ముఖ్యమైనదిగా తోచేది మరొకటి ఉంది: ఎంత నిశ్చయం కావాలన్నది, ఆ ఫలితాన్ని అనుసరిస్తే వచ్చే లాభాన్నీ, కొత్త పద్ధతి ఖర్చునూ, ఒక్కో పరీక్షకయ్యే ఖర్చునూ బట్టి ఉండాలని ఆయన భావించాడు. అందరికీ ఒకే 5 శాతం గీత అన్న అలవాటు ఆ తరువాత స్థిరపడింది. కరపత్రంలో ఒక వాక్యం మార్చడానికి, తప్పయితే రేపే వెనక్కి మార్చుకోవచ్చు గనుక, అరవై శాతం నమ్మకం చాలు. కర్మాగారాన్ని వేరేచోటికి తరలించడానికి తొంభై అయిదు కూడా చాలకపోవచ్చు.

అందువల్ల ఎవరైనా ప్రశ్నతో వచ్చినప్పుడు నేను ముందు దత్తాంశం అడగను. జవాబు అవునని వస్తే ఏం చేస్తారు, కాదని వస్తే ఏం చేస్తారు అని అడిగి, రెండూ ఒక కాగితం మీద రాయమంటాను. రెండు చోట్లా ఒకే మాట రాసినవారు కొందరు ఉన్నారు. వారి దగ్గర ఫీజు తీసుకోకుండా పంపించాను. ఇక మీ ప్రశ్నలు వింటాను.